వెండి నల్లబడిందా? ముందు ఆ పీచు పక్కన పెట్టండి

శ్రావణమాసం ఇంకో పది రోజుల్లో వస్తుందనగా బీరువా పై అరలోంచి వెండి సామాన్ల మూట దించి విప్పితే, పోయినేడు తళతళలాడించి దాచిన చెంబు ఇనప చెంబులా మొహం పెట్టుకుని కూర్చుని ఉంటుంది. చెన్నైలో కాపురం ఉన్నవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మేం పెళ్ళయ్యాక మొదటి ఐదేళ్ళు అమింజికరైలో, మురుగు కంపు కొట్టే కూవం నది గట్టుకి రెండు వీధుల ఇవతల ఉన్నాం. అక్కడ కుంకుమ భరిణె దేవుడి గూట్లో పెడితే పదిహేను రోజులకి పచ్చబడేది, నెలకి గోధుమరంగు, పండగ నాటికి బొగ్గు. తరవాత నంగనల్లూరు మారాం. అవే సామాన్లు, అదే బీరువా, ఇప్పుడు అంత నల్లబడడానికి నాలుగైదు నెలలు పడుతోంది. ఇన్నేళ్ళూ మా అత్తయ్యగారు చెప్పినవి, ఇరుగుపొరుగు చెప్పినవి, నేను చెడగొట్టి నేర్చుకున్నవి అన్నీ కలిపి రాస్తున్నాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. ఆ నలుపు వెండి మీద పేరుకున్న మురికి కాదు. ఇనుముకి పట్టే తుప్పు లాంటిదీ కాదు. గాలిలో ఉండే గంధకపు వాయువులు, ముఖ్యంగా కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్, వెండితో కలిస్తే సిల్వర్ సల్ఫైడ్ తయారవుతుంది, మనకి కనిపించే నలుపు అదే. గాలిలో తేమ ఉంటే ఈ పని ఇంకా జోరుగా సాగుతుంది, చెన్నైలో తేమకి కరువేముంది. కూవం పక్కన అంత తొందరగా ఎందుకు నల్లబడేదో ఇప్పుడు తెలిసింది కదా, మేం ముక్కు మూసుకుని దాటిన వాసనే ఇంట్లోకొచ్చి భరిణెకి పట్టింది. మొదట పొర పల్చగా ఉన్నప్పుడు లేత పసుపు, కాస్త మందమైతే గోధుమరంగు, ఊదా, నీలం, చివరికి నలుపు. పసుపు రంగులో ఉండగా పట్టుకుంటే పని పావుగంటలో అయిపోతుంది, నల్లబడేదాకా ఆగితే ఒక పూట పోతుంది.

ఇంకో సంగతి. ఆ నల్లపొరని తూకం వేస్తే నూటికి 87 పాళ్ళు వెండే, మిగతా 13 పాళ్ళు గంధకం. అంటే పీచు పట్టుకుని బరబరా తోమి, చేతులు నల్లగా చేసుకుని, అబ్బ ఎంత మురికి వదిలిందో అని సంబరపడుతూ మనం తూములోకి పంపింది మురికి కాదు, వెండి. ఒక్కసారికి పోయేది లెక్కలోకి రానంత కొంచెమే. కానీ ఏటా వరలక్ష్మీ వ్రతానికోసారి, దసరాకోసారి, సంక్రాంతికోసారి, మధ్యలో పేరంటాలకీ సీమంతాలకీ తోముకుంటూ పోతే, మూడు తరాల పన్నీరు బుడ్డి మీద లతలన్నీ నున్నగా అరిగిపోయి, అమ్మమ్మ చెంబు మీద చెక్కించుకున్న పేరు వేలితో తడిమితే గాని తెలియకుండా పోయేది అందుకే. కిలో లక్ష రూపాయలు దాటిన సరుకుని చేజేతులా కడిగి పారబోయడం ఎందుకు చెప్పండి. తోమడం ఆఖరి పనిగా పెట్టుకోండి, అదీ మెత్తగా. దానికన్నా ముందు ఆ నలుపుని మళ్ళీ వెండిగా మార్చే ఉపాయం ఒకటుంది, దాని దగ్గరికే వస్తున్నా.

ముందుగా సామాన్లు వేరుచేయండి

అన్నిటినీ ఒకే గంగాళంలో ముంచేయకండి. నేను ఆ పని చేసే ఒక లక్ష్మీదేవి విగ్రహాన్ని పాడుచేశాను. నకాషీ పని ఉన్న విగ్రహాలకి, పాతకాలపు మోడల్ అని అమ్మే జుంకీలకి, వంకీలకి గీతల్లో నలుపు కావాలని పెడతారు, చెక్కడం ఎత్తుగా కనిపించడానికి. ఆ నలుపు కూడా సిల్వర్ సల్ఫైడే, కాకపోతే కంసాలి మందు పూసి తెప్పించింది. నేను చెప్పబోయే వేడి సోడానీళ్ళ పద్ధతికి ఇది మంచి నలుపు, ఇది చెడ్డ నలుపు అన్న తేడా తెలియదు, మొత్తం తీసేస్తుంది. మా లక్ష్మీదేవికి కనుబొమ్మలూ చీర కుచ్చిళ్ళూ అన్నీ పోయి సున్నం కొట్టినట్టు తెల్లగా తేలింది. మా ఆయన చూసి నవ్వాడు, అత్తయ్యగారు నవ్వలేదు. అలాంటివి ఉంటే మెత్తటి గుడ్డతో ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రం తుడిచి, లోపలి గీతల జోలికి వెళ్ళకుండా వదిలేయండి.

లోపల లక్క నింపిన వస్తువులు కూడా వేడినీళ్ళకి దూరం. పల్చటి రేకుతో చేసిన విగ్రహాలు, గంట పిడి, చామరం పిడి, కొన్ని రకాల కుందుల అడుగుభాగం ఇలా ఉంటాయి. చూడ్డానికి గట్టిగా ఉంటుంది, గోటితో తడితే బోలు మోత రాదు, అడుగున మాత్రం నల్లగా గానీ ఎర్రగా గానీ లక్క కనిపిస్తుంది. వేడి తగిలితే అది మెత్తబడి ఊడిపోతుంది. కెంపులు, ముత్యాలు, పగడాలు పొదిగిన నగలదీ అదే దారి, రాళ్ళ కింద ఉండే లక్కా, రేకూ నీళ్ళు తగిలితే చెడతాయి, ముత్యానికీ పగడానికీ వేడి సోడానీళ్ళు బొత్తిగా పడవు. చెక్క మీద వెండి రేకు తాపిన పీట, మందిరం ఉంటే మేకుల సందుల్లోంచి నీళ్ళు దిగి చెక్క ఉబ్బిపోతుంది, వాటిని తడిగుడ్డతో తుడుచుకోవడమే.

ఇక పూత సామాన్లు. గృహప్రవేశాలకీ సీమంతాలకీ వచ్చిన గిఫ్టుల్లో సగానికి సగం అసలు వెండి కాదు. జర్మన్ సిల్వర్ అంటారే, దాంట్లో వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, కొన్నిటికి పైన వెండి పూత మాత్రం వేస్తారు. పూత అంటే వెంట్రుక మందం కూడా ఉండదు, నాలుగుసార్లు గట్టిగా తోమితే కిందున్న పసుపో ఎరుపో బయటపడుతుంది. గిన్నె అంచులూ అడుగు గట్టూ ఎక్కువ రాపిడి పడే చోట్లు, అక్కడ రంగు తేడా కనిపిస్తే పూతే అనుకోండి. అసలు వెండి మీద ముద్ర ఉంటే 925 అనో 990 అనో అంకె ఉంటుంది, వెయ్యి పాళ్ళలో వెండి ఎన్ని పాళ్ళో చెప్పే లెక్క అది. 925 అంటే నూటికి 92 పాయింట్ 5 వెండి, మిగతాది మామూలుగా రాగి. ఈ రాగి సంగతి గుర్తుంచుకోండి, చింతపండు దగ్గర పనికొస్తుంది.

జిడ్డు వదిలించడం

ఇది చాలామంది దాటేసే పని. దాటేసి, ఎంత చేసినా మచ్చలు పోవట్లేదు అంటారు. హారతి పళ్ళెం మీద కర్పూరపు మసి, కుందుల్లో గడ్డకట్టిన నూనె, భరిణె మూతలో ఇరుక్కున్న కుంకుమ, ఉద్ధరిణి తొడిమ దగ్గర ఎండిపోయిన పంచామృతం, ఇవేవీ సల్ఫైడ్ కాదు, వీటి మీద సోడా మంత్రం పనిచేయదు. పైగా ఇవి అడ్డుగా ఉంటే కిందున్న నలుపుకి నీళ్ళు అందవు.

కుంకుమ, పసుపు, గంధం ఉన్నవాటిని తడపకముందే పొడిబ్రష్‌తో దులిపేయండి, తడిస్తే సందుల్లో ముద్దకడతాయి. పసిపిల్లల టూత్‌బ్రష్ అయితే సరిగ్గా సరిపోతుంది. తరవాత గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి నానబెట్టండి. కుంకుడుకాయలు ఉంటే ఇంకా మంచిది, పది కాయలు కొట్టి వేడినీళ్ళలో నానేసి పిసికిన రసం వెండికి ఏ హానీ చేయదు, మా అమ్మ నగలన్నీ జన్మంతా దాంతోనే కడిగింది. కుందుల్లో నూనె గట్టిగా తారులా అయిపోయి ఉంటే రాత్రంతా నానేసి పొద్దున కొబ్బరి ఈనెపుల్లతో నెమ్మదిగా గీకండి. కత్తి, స్పూను, పిన్నీసు ముట్టుకోవద్దు. నూనె కుందులకి ఓపిక తప్ప వేరే మందు లేదు.

అసలు ఉపాయం

కావలసినవి అల్యూమినియం ఫాయిల్, వంటసోడా, ఉప్పు, మరిగించిన నీళ్ళు. చపాతీలు చుట్టే ఫాయిలే. వెడల్పాటి స్టీలు బేసిన్‌లో అడుగంతా, గోడలు కూడా కప్పేలా ఫాయిల్ పరవండి. లోపలికి ఏ వైపు పెట్టినా ఒకటే, మెరిసేవైపే పైకి ఉండాలని చాలామంది చెప్తారు, అదేం లేదు. దాని మీద వెండి వస్తువులు సర్దండి, ప్రతి వస్తువూ ఫాయిల్‌కి ఎక్కడో ఒకచోట తగలాలి. మొత్తం కిటుకంతా ఇక్కడే ఉంది, తగలకపోతే గంటసేపు ఉంచినా అంతే సంగతులు. లీటరు నీళ్ళకి రెండు టేబుల్ స్పూన్ల వంటసోడా, ఒక టీస్పూను ఉప్పు లెక్క. సోడా, ఉప్పు వెండి మీదే చల్లేసి, మరిగిన నీళ్ళు పొయ్యి మీంచి దించి నెమ్మదిగా పోయండి. ఒక్కసారి కుమ్మరిస్తే సోడా బుస్సుమని పొంగి చేతి మీదకొస్తుంది.

పోసిన నిమిషానికే కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తుంది. భయపడకండి, వెండిని పట్టుకున్న గంధకం అది, విడిపోయి బయటికి పోతోంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, మొహం గిన్నె మీదకి వంచి చూడొద్దు. పల్చటి పసుపు అయితే రెండు నిమిషాల్లో మాయమవుతుంది, నల్లటిదైతే ఐదు నిమిషాలుంచి, తిప్పి, ఇంకో ఐదు. అప్పటికీ మిగిలితే ఆ నీళ్ళు పారబోసి కొత్త వేడినీళ్ళు, కొత్త సోడా. నీళ్ళు చల్లారాక పని మందగిస్తుంది కాబట్టి అందులోనే గంటలకొద్దీ నానబెట్టి లాభం లేదు. ఫాయిల్ నల్లగా మచ్చలు పడితే మార్చేయండి. మొదటిసారి చేసినప్పుడు మా అబ్బాయిని పిలిచి చూపించాను, నల్లటి ఉగ్గుగిన్నె కళ్ళముందే తెల్లబడుతుంటే వాడు ఇంట్లో ఉన్న వెండంతా పట్టుకొచ్చాడు, నా కాలి పట్టీలతో సహా.

ఏం జరుగుతోందంటే, ఆ ఉప్పు సోడా నీళ్ళలో వెండి, అల్యూమినియం రెండూ తగులుకుని ఉండేసరికి చిన్న బ్యాటరీ తయారవుతుంది. అల్యూమినియం తన ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది, అవి అందుకున్న సిల్వర్ సల్ఫైడ్ మళ్ళీ వెండి అయిపోతుంది, గంధకం వాసనై లేస్తుంది. అల్యూమినియం మీద ఎప్పుడూ ఒక సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది, దాన్ని కరిగించే పని సోడాది. చూశారుగా, పోయిన వెండి వెనక్కే వస్తోంది, పీచుతో తోమితే తూములోకి పోయేదే ఇది.

ఫాయిల్ లేకపోతే పాత అల్యూమినియం గిన్నె అయినా సరిపోతుంది, అందులోనే నేరుగా వేసి చేయొచ్చు. అయితే ఆ గిన్నె లోపల నల్లగా, గరుకుగా అవుతుంది కాబట్టి వంటకి వాడనిది తీసుకోండి. మా ఊళ్ళో ఆ గిన్నెల్ని సిల్వర్ గిన్నెలంటారు. చెన్నై వచ్చిన కొత్తలో కొట్టుకెళ్ళి సిల్వర్ గిన్నె కావాలంటే స్టీలు గిన్నెలు చూపించారు, ఇక్కడ ఎవర్‌సిల్వర్ అంటే స్టీలు. ఇంటికొచ్చి చెప్తే మా అత్తయ్యగారు, మరి అసలు సిల్వర్‌ని వీళ్ళేమంటారే అంది. వెళ్ళి అంటారు, శుక్రవారాన్నీ అదే మాటతో పిలుస్తారు. శుక్రవారం పూజ సామాను తోమకూడదని మా ఇంట్లో గురువారం రాత్రే ఈ పనంతా అయిపోవాలి, కాబట్టి మాకు వెళ్ళికి ముందురోజు వెళ్ళి పని.

రెండు జాగ్రత్తలు. వేడిని మోసుకుపోవడంలో వెండిని మించిన లోహం లేదు, నీళ్ళెంత వేడిగా ఉంటే చెంబు అంచు వరకూ అంతే కాలుతుంది. చెయ్యి పెట్టకుండా చెక్క గరిటెతో తీయండి. రెండోది, వంటసోడా అయిపోయిందని చాకలిసోడా వేయకండి. పని చేస్తుంది, కానీ ఘాటు ఎక్కువ, అల్యూమినియాన్ని కొరికేస్తుంది, చేతులు మండుతాయి. బేకింగ్ పౌడర్ కూడా కాదు, అది వేరే వస్తువు.

పూత సామాన్లకి కూడా ఇదే మేలైన పద్ధతి, రాపిడి లేదు కదా. నీళ్ళు మరీ మరిగేవి కాకుండా వేడిగా ఉన్నవి పోసి, ఒక నిమిషంలో తీసేయండి.

తీశాక తెల్లగా ఉంది, మెరుపు లేదేం?

చాలామంది ఇక్కడే నిరాశపడతారు. నలుపు పోయింది, కానీ అద్దంలా లేదు, పాలు తుడిచినట్టు మసగ్గా ఉంది. వెనక్కొచ్చిన వెండి సన్నటి రేణువులుగా పైన కూర్చోవడం వల్ల అలా కనిపిస్తుంది. అక్కడక్కడా ఎర్రటి గోధుమ మచ్చలు మిగిలితే అది వెండిలో కలిసిన రాగి చేసిన పని.

ముందు బాగా కడగండి. కడగడం అంటే బోరు నీళ్ళతో కాదు. చెన్నైలో సముద్రానికి దగ్గరున్న ప్రాంతాల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆరాక తెల్లటి మచ్చలు కడతాయి, కడగకుండా వెండి మీదే మిగిలిపోతే ఉప్పు దానికి శత్రువు కూడా. మొదట కుళాయి నీళ్ళు పర్వాలేదు గానీ ఆఖరి కడుగుడుకి తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీళ్ళు ఒక చెంబు వాడండి, వృథా అనుకోకండి. వెంటనే ఆరిన నూలుగుడ్డతో తుడవండి, దానంతట అదే ఆరాలని వదలొద్దు.

ఇప్పుడు మెరుగు. మెత్తటి సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్, నీళ్ళలో పెరుగులా కలిపి, ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కతో ఒకే దిశలో పొడుగ్గా, తేలిగ్గా రుద్దండి. గుండ్రంగా తిప్పితే పడే సన్నగీతలు వెలుతురులో కళ్ళకి కొట్టినట్టు కనిపిస్తాయి. గుడ్డ నల్లబడ్డ చోటు వదిలి శుభ్రమైన చోటికి మారుస్తూ ఉండండి. రెండు నిమిషాలు చాలు, నలుపు ముందే పోయింది కాబట్టి బలం పెట్టే పనే ఉండదు.

సుద్దపొడికి బదులు విభూతి అంటారా? మా అత్తయ్యగారిది అదే పద్ధతి, మైలాపూరులో ఏ ఇంటికెళ్ళినా అదే చెప్తారు, నేనూ వాడతాను. కానీ ఆవు పేడ కాల్చి చేసిన విభూతిలో ఇసుక రేణువులుంటాయి. పల్చటి గుడ్డలో వేసి వస్త్రగాళితం పట్టి వాడాలి. పరీక్ష తేలిక, చిటికెడు తీసి రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య రుద్ది చూడండి, కరకర తగిలితే వెండికి పనికిరాదు. తెల్లటి పళ్ళపొడి కూడా ఇదే పరీక్షకి నిలబడితే పర్వాలేదు.

ఇంట్లో చెప్పే మిగతా చిట్కాలు

టూత్‌పేస్ట్ వద్దు. అందరూ చెప్పేది ఇదే, అందరూ చేసేదీ ఇదే, నేనూ చేశాను. పేస్ట్ తయారుచేసేది పంటి మీది ఎనామెల్ కోసం. గట్టిదనం కొలిచే మోస్ కొలతలో ఎనామెల్ 5, వెండి 2.5 నుంచి 3. పంటికి మెత్తగా ఉండేది వెండిని గీరుతుంది. కొత్తలో మెరుస్తుంది, నిజమే, రెండు మూడేళ్ళకి పళ్ళెం మీద మబ్బు పట్టినట్టు ఒక మసక వచ్చేస్తుంది, ఇక అది పోదు. కచ్చిక బూడిద, ఇటుకపొడి, పచ్చటి స్క్రబ్బరు, స్టీలు పీచు గురించి వేరే చెప్పాలా. ఇంట్లో పని చేయడానికి వచ్చే అక్కకి ముందే చెప్పి ఉంచండి, పాపం ఆవిడ శ్రద్ధగా, ఇంకా గట్టిగా తోముతుంది.

చింతపండు, నిమ్మకాయ ఇత్తడికీ రాగికీ. అక్కడ అద్భుతంగా పనిచేస్తాయి, ఎందుకంటే రాగి మీది చిలుముని పులుపు కరిగిస్తుంది. వెండి మీది సల్ఫైడ్‌ని ఈ పులుపు కరిగించలేదు, సరికదా వెండిలో కలిసిన రాగిని పైపొరలోంచి లాగుతుంది. ఇత్తడి సామాన్లు తోమిన చేత్తోనే, అదే ముద్దతో వెండిని కూడా తోమేయడం మనకి అలవాటు, అది మానుకోండి. ఇత్తడి పొడులు కూడా దానికోసమే, డబ్బా మీద వెండికి అని రాసి ఉంటే తప్ప వాడొద్దు.

ముంచి తీస్తే చాలు అని సీసాల్లో వచ్చే ద్రావకాల్లో చాలావరకు థయోయూరియా, దాంతోపాటు ఆమ్లం ఉంటాయి. పది సెకన్లలో నలుపు మాయమవుతుంది, నిజం. కానీ అది నలుపుతోపాటు వెండిని కరిగించి తీసుకుపోతుంది, ఎక్కువసేపుంచితే వెండి మీద గుంటలు పడతాయి. పైగా విషపదార్థం. ఉగ్గుగిన్నె, పాలగ్లాసు, తీర్థం పోసే ఉద్ధరిణి, నైవేద్యం పళ్ళెం వీటికి దాన్ని దగ్గరికి రానివ్వకండి. నేనైతే ఇంట్లోకే తేను.

మెరుగుకి బయట ఇస్తే

పెద్ద సొట్టలు పడినవీ, గీతలు పడి మసకబారినవీ ఇంట్లో బాగుపడవు. టి.నగర్‌లోనూ సౌకార్‌పేటలోనూ మెరుగు పెట్టేవాళ్ళున్నారు. తిరిగే చక్రానికి గుడ్డ బిగించి పాలిష్ పట్టిస్తారు, అద్దంలా వస్తుంది, అద్దంలా రావడానికి పైపొర కొంత ఎగిరిపోతుంది. కొన్నేళ్ళ కిందట ఒక దుకాణంలో, పేరెందుకులెండి, మా పన్నీరు బుడ్డి ఇచ్చాం. తీరా తెచ్చుకున్నాక చూస్తే నెమలి ఈకల గీతలు సగం లేవు. ఇచ్చేముందు తూకం వేయించుకోలేదు, ఫోటో తీసుకోలేదు, కాబట్టి అడగడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది. మీరు రెండూ చేయండి, గ్రాముల్లో తూకం రాయించుకోండి, చెక్కడం ఉన్న చోట చక్రం పెట్టొద్దు, చేత్తో చేయమని ముందే చెప్పండి. ఇంటి గుమ్మం దగ్గరికొచ్చి క్షణంలో మెరుగు పెట్టిస్తామనేవాళ్ళకి మాత్రం వెండీ ఇవ్వకండి, బంగారం అసలే ఇవ్వకండి. వాళ్ళ గిన్నెలో ఆమ్లం ఉంటుంది, మెరుపు మీకు, లోహం వాళ్ళకి.

మళ్ళీ నల్లబడకుండా

రోజూ వాడేవి పెద్దగా నల్లబడవు, చేతి రాపిడికే పల్చటి పొర పోతుంటుంది. కాళ్ళకి పెట్టుకునే పట్టీలు చూడండి, బయటివైపు తెల్లగా, లింకుల సందుల్లో మాత్రం నల్లగా ఉంటాయి. పట్టీలు కడిగాక మువ్వల్లో నీళ్ళు నిలుస్తాయి, విదిలించి ఫ్యాను కింద ఒక పూట ఆరనివ్వండి. తిండి సంగతికొస్తే, వెండి గిన్నెలో పాయసం తినండి, పెరుగన్నం తినండి, కోడిగుడ్డు మాత్రం వద్దు, గుడ్డులో గంధకం ఉంది, స్పూను అక్కడికక్కడే నల్లబడుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ఆవపిండి కూడా ఆ జాతే. ఆవకాయలో ఆవపిండీ ఉంటుంది, ఉప్పూ ఉంటుంది, దర్జాగా ఉంటుందని వెండి గిన్నెలో వేసి టేబుల్ మీద వదిలేస్తే పొద్దున్నకి మచ్చలే. వేస్తే భోజనమవగానే కడిగేయండి.

దాచడం దగ్గర నేను చేసిన తప్పు ఒకటి. చెంబునీ గ్లాసులనీ న్యూస్‌పేపర్‌లో చుట్టి, ఊడకుండా రబ్బరుబ్యాండు వేశాను. ఏడాది తరవాత విప్పితే చెంబు చుట్టూ పెన్నుతో గీసినట్టు నల్లటి గీత, సరిగ్గా రబ్బరు ఉన్న చోటే. రబ్బరుని గట్టిపరచడానికి గంధకం వేస్తారు, అది వెండిని తాకి కూర్చుంటే ఇంకేముంది. ఆ గీత పోవడానికి మూడుసార్లు ఫాయిల్ నీళ్ళు పోయాల్సొచ్చింది. న్యూస్‌పేపర్, ఉన్ని బట్టలు కూడా అలాంటివే. ఉతికిన, గంజి పెట్టని తెల్ల నూలుగుడ్డలో ఒక్కోదాన్ని విడివిడిగా చుట్టి, జిప్ ఉండే ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి నొక్కేసి మూయండి. పెట్టేముందు చేత్తో కాకుండా గుడ్డతో పట్టుకోండి, చెమట చేతి వేలిముద్రలు నెలలో గోధుమరంగు వేలిముద్రలై కనిపిస్తాయి. బీరువాలో తడిగోడకి ఆనుకున్న అర వద్దు, ఐప్పసి (అక్టోబరు, నవంబరుల్లో వచ్చే తమిళ నెల), కార్తీక మాసాల వానలకి ఇక్కడ గోడలు చెమర్చడం మీకు తెలిసిందే.

ప్రతి కవర్లోనూ రెండు సుద్దముక్కలో, మందుసీసాల్లోనూ చెప్పుల డబ్బాల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లాలో వేయండి, తేమ పీల్చుకుంటాయి. రెండు నెలలకోసారి సుద్దముక్కలు తీసి ఎండలో పెట్టి మళ్ళీ వేయండి. తెల్లవే వేయండి, మా అబ్బాయి స్కూలు నుంచి తెచ్చిన రంగు సుద్దలు వేస్తే అత్తయ్యగారి కుంకుమ భరిణె చుట్టిన గుడ్డంతా గులాబీరంగు అయింది.